చేనిలో గాయము – ఆసుపత్రికి దూరము
(రైతు చర్చా మండలులలో చదివి చర్చించుకొనుటకు పాఠము)

మండల వ్యవసాయాధికారి, బి.ఎస్సి. (వ్యవసాయము)



విత్తనమును గురించి, ఎరువును గురించి, పురుగు మందును గురించి మీరు ఈ పత్రికలో ఎన్నియో పాఠములు చదివియున్నారు. పైరుకు తెగులు సోకినచో ఏమి చేయవలెనో మీలో అనేకులకు కంఠస్థమే. కాని ఆ పైరును సాకెడి చేయి తెగినచో ఏమి చేయవలెనో మనలో ఎందరికి తెలియును? ఈ నెల పాఠము ఆ చేతిని గురించినది.

ముందుగా నేను కన్న ఒక సంగతి చెప్పెదను. నాలుగేండ్ల క్రిందట నేను పనిచేయుచుండిన మండలములో ఎకరమున్నర పొలము గల ఒక చిన్నరైతు రెండు గేదెలను కొని, కరెంటుతో నడుచు గడ్డి కత్తిరించు యంత్రమును, అనగా మన వాడుకలోని చాఫ్ కట్టరును, సబ్సిడీపై తీసుకొనెను. ఆ దరఖాస్తుపై సంతకము చేసినవాడను నేనే. చొప్ప ముక్కలు చేసి వేసినచో వృథా తగ్గునని, పాలు పెరుగునని చెప్పితిని. చేయి ఎంతవరకు పోనీయవచ్చునో చెప్పలేదు.

ఒకనాటి సాయంత్రము, దీపాలు పెట్టు వేళ, ఆ రైతు భార్య జొన్న చొప్ప పెట్టుచుండగా కట్ట ఇరుక్కొనెను. ఆమె చేతితో త్రోసెను. కుడిచేతి మూడు వ్రేళ్ళు తెగిపోయినవి. ఇంటివారు గాయముపై కాఫీపొడి అద్ది, తువ్వాలు చుట్టి, ఆటో కొరకు వెదకిరి. మొదట ఊరి వైద్యుని వద్దకు, పిదప ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, అచ్చటి నుండి మరియొక ఆసుపత్రికి, చివరకు నగరములోని పెద్దాసుపత్రికి చేరునప్పటికి రాత్రి రెండున్నర గంటలైనది. అనగా గాయపడిన ఎనిమిది గంటలకు. అచ్చట శస్త్రవైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న: "వేళ్ళు ఎక్కడ?" ఎవ్వరును బదులు చెప్పలేకపోయిరి. అవి కొట్టములో చొప్ప ముక్కల కుప్పలోనే ఉండిపోయినవి.

మరుసటి ఏడు పట్టణము ప్రక్కనున్న ఒక డెయిరీలో అటువంటి యంత్రముననే యజమాని కుమారుని చేతి వ్రేళ్ళు మూడు తెగినవి. అచ్చట పనిచేయువారిలో ఒకరికి సంగతి తెలియును. తెగిన వ్రేళ్ళను తడిగుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి, ఆ సంచిని మంచునీటిలో ఉంచి, సొంత కారులో గంటన్నరలో తగిన ఆసుపత్రికి చేర్చిరి. మూడింటిలో రెండు వ్రేళ్ళు నిలిచినవి.

యంత్రము ఒకటే, కత్తి ఒకటే. ఒకరికి వ్రేళ్ళు దక్కినవి, మరొకరికి దక్కలేదు. ఈ తేడాలో దైవలిఖితమెంత, మన చేతిలోనున్నదెంత అని విచారించుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

1. గాయమునకు కూడ ఋతువు కలదు

ప్రమాదము చెప్పి రాదందురు. కాని జాగ్రత్తగా చూచినచో అది తన వేళకే వచ్చును. తొలకరితో ట్రాక్టరు ప్రమాదములు మొదలగును. దమ్ము చేయునప్పుడు కేజీ చక్రములతో గట్టు ఎక్కించుట, బురదలో దిగబడిన బండిని వెనుకవైపు చూడక లాగించుట వలన ముందు భాగము పైకి లేచి ట్రాక్టరు తిరగబడును. వానకాలములోనే పాముకాట్లు హెచ్చు. కార్తీకము నుండి సంక్రాంతి వరకు కోతలు, నూర్పిళ్ళు. కొడవలి గాయములు, నూర్పిడి యంత్రముల గాయములు. శీతకాలమున చెరకు గానుగలు రాత్రింబవళ్ళు ఆడునపుడు రోలర్లలో చేతులు నలుగును. పిమ్మట మిరప కోతలు. ట్రాలీలలో, ఆటోలలో క్రిక్కిరిసి పోవు కూలీలకు రోడ్డు ప్రమాదములు. యాసంగి మొక్కజొన్న ఒలుచు వేళకు మరల యంత్రము. గీత కార్మికులకు తాటిచెట్టు పైనుండి పడు భయము కల్లు కాలమంతయు ఉండనే ఉన్నది.

దినములో కూడ గాయమునకు అనువైన ఘడియలు కలవు. ఒళ్ళు అలసి, వెలుతురు తగ్గి, పని ముగించి ఇంటికి పోవలెనను తొందర పట్టుకొను సాయంకాలమందు చూపు, చేయి రెండును మందగించును. అద్దె యంత్రమునకు ఎకరమునకు ఇంతయని గుత్త మాట్లాడుకొనుచున్నాము. ఎంత త్వరగా ముగిసిన యజమానికి అంత లాభము. అందుచేత రాత్రి పొద్దుపోయిన తరువాత కూడ ఒక్క బల్బు వెలుతురులో యంత్రమాడును. కూలి మాట్లాడుకొను పద్ధతిలోనే గాయమునకు విత్తనము పడుచున్నదని గమనింపవలెను.

2. గాయము ఎవరిని వెదకుచున్నది?

ప్రపంచములో గాయముల వలన ఏటా సుమారు 44 లక్షల మంది మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వారిలో పదింట తొమ్మిది మంది పేద, మధ్యతరగతి దేశములవారే. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. నగరములలో వాహనములు మెండు గనుక చావులును అచ్చటనే హెచ్చని తలచెదము. లెక్క వేరుగానున్నది. ఆ మరణములలో సుమారు 68 శాతము గ్రామీణ ప్రాంతములలోనే జరిగినవి. పల్లె దారిలో వేగము హెచ్చు, వెలుతురు తక్కువ, ఆసుపత్రి దూరము.

పల్లెలో కూడ గాయము అందరిని సమానముగా తాకదు. యంత్రము కొనునది భూమి గలవాడు. దాని మూతి వద్ద నిలుచునది కూలి. ట్రాక్టరు సీటుపై కూర్చుండునది పురుషుడు. ట్రాలీలో నిలుచుండి పోవునది స్త్రీ. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలోను, అదే సంవత్సరము జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లాలోను కూలీలతో పోవుచున్న ట్రాక్టరు ట్రాలీలు కాలువలలో పడినవి. మృతులలో అత్యధికులు స్త్రీ కూలీలే. ట్రాలీ బస్తాలు మోయుటకు చేయబడినది. మనుష్యులను మోయుటకు కాదు. గడ్డి యంత్రము వద్ద ఆడుకొనుచు వ్రేళ్ళు పెట్టు పసివారి సంగతి చెప్పనక్కరలేదు.

3. మూడు ఆలస్యములు

గాయము తగిలిన పిమ్మట ప్రాణము, అవయవము దక్కుట చాలవరకు కాలముపై ఆధారపడియుండును. కాన్పు సమయమున తల్లులు ఎందుకు మరణించుచున్నారని విచారించిన పరిశోధకులు 1994లో మూడు ఆలస్యములను పేర్కొనిరి. అవి గాయములకు కూడ చక్కగా సరిపోవును.

మొదటిది నిశ్చయించుటలో ఆలస్యము. "చిన్నదేలే, తెల్లవారి చూతము", "ఇంటాయన రానిండు", "డబ్బు సమకూరనిండు" అనుట. స్త్రీలకు, వృద్ధులకు, కూలీలకు ఈ ఆలస్యము అధికము.

రెండవది చేరుటలో ఆలస్యము. పొలము నుండి రోడ్డునకు, రోడ్డు నుండి ఆసుపత్రికి. ఏజెన్సీ గూడెములలో నేటికిని గాయపడినవారిని డోలీలో కొండ దించుచున్న చోట్లు కలవు. కొన్ని గిరిజన మండలములలో ఈ కొరత తీర్చుటకే బైకు అంబులెన్సులు ప్రవేశపెట్టబడినవి.

మూడవది చేరిన తరువాత చికిత్స అందుటలో ఆలస్యము. ఆ వైద్యము చేయగల ఆసుపత్రి కాక మరియొక దానికి పోవుట, అచ్చట నుండి మరల పంపబడుట. నేను చెప్పిన రైతు భార్య ఎనిమిది గంటలలో ఎక్కువ భాగము ప్రయాణములో గాక ఈ మెట్ల మీదనే గడచిపోయినది.

కాలము ఎంత విలువైనదో ఒక్క ఉదాహరణతో గ్రహింపవచ్చును. రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ట్రానెక్సామిక్ ఆమ్లము అను చవుక మందు కలదు. క్రాష్-2 అను పరిశోధనలో 40 దేశములలో 20 వేలకు పైగా గాయపడినవారిపై దీనిని పరీక్షించి 2010, 2011 సంవత్సరములలో ఫలితములు ప్రకటించిరి. గాయపడిన మూడు గంటలలోపల ఇచ్చినచో మరణములు తగ్గినవి. మూడు గంటలు దాటిన పిమ్మట ఇచ్చినచో మేలు కలుగకపోగా కీడు కనిపించినది. ఇది వైద్యులు ఇయ్యవలసిన మందు. దాని మేలు మనకు దక్కుటకు ఆ మూడు గంటలలో రోగిని చేర్చుట మన వంతు.

4. వెంటనే చేయవలసినవి, చేయరానివి

(అ) మొదట యంత్రమును ఆపవలెను. కరెంటు మోటారైనచో మెయిన్ తీసివేయవలెను. ట్రాక్టరైనచో ఇంజను ఆపవలెను. చేయి ఇరుక్కొనియున్నప్పుడు యంత్రమును వెనుకకు త్రిప్పి లాగరాదు. కరెంటు తగిలినవానిని సరఫరా ఆపకుండ తాకరాదు. ఆపిన పిమ్మట శ్వాస, కదలిక లేనిచో రొమ్ము నడుమ రెండు అరచేతులతో నిమిషమునకు 100 నుండి 120 సార్లు, రెండంగుళముల లోతున గట్టిగా నొక్కుచు సహాయము వచ్చువరకు ఆపరాదు.

(ఆ) అదే సమయమున వేరొకరు 108కి ఫోను చేయవలెను. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమై పిదప దేశమున అనేక రాష్ట్రములకు వ్యాపించినది. గాయమేమి, ఎందరికి, ఏ ఊరు, ఏ దారి అనునవి స్పష్టముగా చెప్పవలెను. పొలమునకు ఇంటి నంబరు ఉండదు గనుక ఒక మనిషిని పెద్దరోడ్డు మలుపున నిలుపవలెను. రాత్రియైనచో చేత టార్చిలైటు ఉండవలెను. ఏ ఆసుపత్రికి పోవలెనో అంబులెన్సులోనివారినే అడుగుట మేలు. ఇందువలన మూడవ ఆలస్యము తగ్గును.

(ఇ) రక్తము కారుచున్న చోట శుభ్రమైన గుడ్డ మడిచి పెట్టి అరచేతితో గట్టిగా అదిమి పట్టవలెను. నిమిషమునకొకసారి తీసి చూడరాదు. గుడ్డ తడిసినచో దానిపైననే మరియొకటి పెట్టవలెను. కాఫీపొడి, సున్నము, కిరోసిను, పేడ, బూడిద ఏవియు అద్దరాదు. ఇవి రక్తమును ఆపవు. పైగా గాయమును కుళ్ళించును, వైద్యుని పనికి అడ్డుపడును.

(ఈ) చేయి లేక కాలు తెగి రక్తము చిమ్ముచు, ఎంత అదిమినను ఆగనిచో మాత్రమే పై భాగమున బిగికట్టు కట్టవలెను. సన్నని త్రాడు, తీగ పనికిరాదు. రెండంగుళములకు తక్కువ కాని వెడల్పు గల గుడ్డను గాయమునకు రెండు మూడు అంగుళములు పైన, కీలుపై కాకుండ చుట్టి, ముడిలో పుల్ల దూర్చి రక్తము ఆగువరకు త్రిప్పవలెను. కట్టిన వేళను వ్రాసి రోగితో పంపవలెను. మధ్యలో వదులు చేయరాదు. ఈ పద్ధతి పాముకాటునకు ఎంతమాత్రము పనికిరాదు. పాము కరచినచో కట్టు కట్టక, కోయక, నోటితో పీల్చక, ఆ అవయవమును కదలనీయక తిన్నగా ఆసుపత్రికి తీసికొని పోవలెను.

(ఉ) తెగిపడిన వ్రేలును, చేతిని వెదకి తీయవలెను. మట్టియున్నచో మంచినీటితో మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టవలెను. ఆ సంచిని మంచుముక్కలు కలిపిన నీటిలో ఉంచవలెను. వ్రేలు నేరుగా మంచునకు తగులరాదు. తగిలినచో కండ గడ్డకట్టి చెడిపోవును. చల్లగా ఉంచిన వ్రేలు పండ్రెండు గంటలు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ కాలము అతుకుటకు పనికివచ్చును. కండ గల చేయి, కాలు అంత కాలము ఓర్వవు. వాటికి గంటలు మరింత తక్కువ. నూర్పిడి యంత్రములో నలిగిన అవయవము అతుకుట అనేకసార్లు సాధ్యపడదు. అయినను దానిని నిర్ణయించువాడు వైద్యుడు, మనము పారవేయరాదు.

(ఊ) శరీరమున దిగిన కొడవలి, ఇనుపచువ్వ వంటివి పెరికివేయరాదు. కదలకుండ చుట్టును గుడ్డలు పేర్చి తీసికొనిపోవలెను. ఎద్దు కొమ్ము తగిలి ప్రేగు బయటపడినచో లోనికి త్రోయక తడిసిన శుభ్రమైన గుడ్డ కప్పవలెను.

(ఋ) చెట్టు మీదనుండి, బావిలోనికి, గడ్డివామి పైనుండి పడినవారిని చంకల క్రింద చేతులు వేసి లేపుట, ఆటోలో ముడుచుకొని కూర్చుండబెట్టుట మహా ప్రమాదము. వెన్నుపూస విరిగియున్నచో ఆ ఒక్క కుదుపుతో కాళ్ళు శాశ్వతముగా పడిపోవచ్చును. నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండునట్లు పట్టి, తలుపు చెక్క వంటి దానిపైకి దొర్లించి మోయవలెను.

(ౠ) పెద్దగాయము గలవారికి తినుటకు, త్రాగుటకు ఏమియు ఇయ్యరాదు. ఆపరేషనుకు మత్తు ఇయ్యవలసియుండవచ్చును. దుప్పటి కప్పి వెచ్చగా ఉంచవలెను. మట్టి, పేడ తగిలిన గాయమునకు ధనుర్వాతపు సూది తప్పక వేయించుకొనవలెను.

5. గాయమే కలుగకుండుటకు

ప్రథమ చికిత్స ఎంత నేర్చినను అది రెండవ కట్టడియే. మొదటి కట్టడి యంత్రము నొద్దనే ఉండవలెను.

నూర్పిడి యంత్రమునకు పంట అందించు తొట్టి పొడవు 90 సెంటీమీటర్లకు తగ్గరాదనియు, అందు 45 సెంటీమీటర్లు మూతతో కప్పబడియుండవలెననియు భారతీయ ప్రమాణము 9020 నిర్దేశించుచున్నది. మనిషి చేయి చాచినను డ్రమ్మును అందకుండుటయే దీని ఆంతర్యము. నూర్పిడి యంత్రముల వలన చేతులు కోల్పోవువారు పెరుగుటను చూచియే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టమును చేసినది. అయినను "పని సాగుట లేదు" అని తొట్టి మూతను ఊడదీసి నడుపుచున్న యంత్రములను నేను పలుచోట్ల చూచితిని. అద్దెకు తెచ్చుకొనునప్పుడు మొదట మూత ఉన్నదా అని చూడుడు. లేనిచో ఆ యంత్రమును కళ్ళములోనికి రానీయకుడు.

ట్రాక్టరు పి.టి.ఒ. షాఫ్టు నిమిషమునకు 540 సార్లు, అనగా సెకనుకు 9 సార్లు తిరుగును. 10 సెంటీమీటర్ల మందము గల షాఫ్టునకు కండువా కొస చుట్టుకొనినచో ఒక్క సెకనులో సుమారు 2.8 మీటర్ల గుడ్డ లాగబడును. కండువా పొడవే రెండు మీటర్లు! "లాగుకొనగలను" అను ధైర్యము పనికిరాదు. షాఫ్టునకు, బెల్టునకు కప్పు ఉండవలెను. చీర కొంగు నడుమునకు బిగించి, జడ ముడి వేసి, కండువా తీసివేసి మాత్రమే దగ్గరకు పోవలెను.

గడ్డి యంత్రమునకు కత్తుల కప్పు, చక్రము కదలకుండ తాళము, చేయి దగ్గరకు పోకుండ తగిన పొడవు తొట్టి ఉండవలెను. ఇరుక్కొనిన చొప్పను మోటారు ఆపి, కర్రతో మాత్రమే తీయవలెను. పని ముగిసిన వెంటనే చక్రమునకు తాళము వేసి, తాళముచెవి పిల్లలకు అందని చోట ఉంచవలెను.

ట్రాక్టరు తిరగబడినను నడుపువాడు నలిగిపోకుండ సీటు చుట్టును ఉక్కు చట్రము అమర్చుకొను పద్ధతి కలదు. స్వీడను దేశము 1959లోనే క్రొత్త ట్రాక్టర్లకు దీనిని నిర్బంధము చేసినది. ఆ తరువాతి దశాబ్దములలో అచ్చట ట్రాక్టరు క్రింద పడి మరణించుట దాదాపు అరుదైపోయినది. రైతులు మారలేదు, నేల మారలేదు, చట్రము వచ్చినది. చట్రముతోబాటు బెల్టు పెట్టుకొనిననే దాని ఫలము. అటులే తెలంగాణములో 2024లో గీత కార్మికులకు "కాటమయ్య రక్ష" పేరిట చెట్టు ఎక్కు రక్షణ కిట్ల పంపిణీ ఆరంభమైనది. కిట్టు ఇంటిలో చిలుకకొయ్యకు వ్రేలాడినచో ప్రాణము కాపాడదు.

6. ధనము, చట్టము – ఎవరికి ఎంత?

ధనము లేదని, పోలీసు కేసగునని ఆసుపత్రికి పోవుట ఆలస్యము చేయవలదు. గాయపడినవారికి ప్రాణరక్షణ కొరకు వెంటనే చికిత్స చేయుట ప్రభుత్వ, ప్రైవేటు వైద్యులందరి విధియని, పోలీసు వ్యవహారములు దానికి అడ్డు కారాదని సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పినది. రోడ్డు ప్రమాద బాధితులను ఆసుపత్రికి చేర్చినవారిని వేధింపరాదని 2016లో ఆదేశించినది; 2019 మోటారు వాహనముల సవరణ చట్టములో ఈ రక్షణ చేరినది.

ఇక సహాయ పథకముల సంగతి. ఇచ్చట కూడ హెచ్చుతగ్గులు కలవు. ముందే తెలిసికొనుట మంచిది. రోడ్డుపై మోటారు వాహన ప్రమాదములో గాయపడినవారికి 2025 మే నెలలో వచ్చిన కేంద్ర పథకము క్రింద, ఏర్పాటైన ఆసుపత్రులలో, ఏడు దినముల వరకు లక్షన్నర రూపాయల చికిత్స నగదు లేకుండ లభించును. కాని కొట్టములోని గడ్డి యంత్రము, కళ్ళములోని నూర్పిడి యంత్రము రోడ్డు ప్రమాదము క్రిందికి రావు. వాటికి 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి రాష్ట్ర పథకములే దిక్కు. కార్డును ముందే సిద్ధముగా ఉంచుకొనవలెను. తెలంగాణలో 2018లో మొదలైన రైతు బీమా పట్టాదారు మరణించినప్పుడు కుటుంబమునకు 5 లక్షల రూపాయలు ఇచ్చుటకు ఏర్పడినది. గాయపడి బ్రతికినవారికి, పట్టా లేని కౌలుదారునకు, కూలీకి అది వర్తింపదు.

18 నుండి 70 ఏండ్లవారు బ్యాంకు ఖాతా ద్వారా ఏడాదికి 20 రూపాయలు కట్టి ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరవచ్చును. ప్రమాద మరణమునకు 2 లక్షలు, ఒక చేయి, ఒక కాలు లేక ఒక కన్ను పూర్తిగా కోల్పోయినచో లక్ష రూపాయలు వచ్చును. వ్రేళ్ళు పోయినచో ఇందులో లభించునది లేదు. పైన చెప్పిన రైతు భార్యకు పత్తి తీయుటకు కుడిచేయి పనికిరాకుండ పోయినది. కాని బీమా లెక్కలో ఆమె చేయి చేయిగానే ఉన్నది. 1923 నాటి పనివారి పరిహార చట్టపు పట్టిక వ్రేళ్ళను కూడ లెక్కించినది: బొటనవ్రేలికి 30 శాతము, చూపుడు వ్రేలికి 14 శాతము, ఒకే చేతి మూడు వ్రేళ్ళకు 30 శాతము సంపాదన శక్తి నష్టమని. ట్రాక్టరు, కరెంటు యంత్రములపై వ్యవసాయ పని చేయు కూలీలను కూడ ఆ చట్టము పనివారిగా గుర్తించినది. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఇప్పుడు దాని స్థానమున నిలిచినది. కూలీలు కార్మిక శాఖ కార్యాలయములో విచారించి తమ హక్కును తెలిసికొనవలెను. యంత్ర యజమానులు ముందే బీమా చేసికొనుట ఇరువురకును క్షేమము.

7. ఊరు చేసికొనవలసిన ఏర్పాటు

కోతలు మొదలగుటకు పదునైదు దినముల ముందు ఊరిలో ఒక సాయంత్రము కూర్చుండి ఈ పనులు చేసికొనుడు.

ఊరికి వచ్చు ప్రతి యంత్రమునకు మూతలు, కప్పులు ఉన్నవో లేవో ఇద్దరు చూచి రావలెను. చీకటి పడిన పిమ్మట యంత్రము నడుపరాదని, నడుపక తప్పనిచో మంచి వెలుతురు ఉండవలెనని గుత్త మాటలలోనే చేర్చవలెను. కూలీలను ట్రాలీలో ఎక్కింపరాదని ఒప్పందము చేసికొనవలెను.

రాత్రివేళ ఎముకలు విరిగినవారికి, తల గాయమునకు, తెగిన వ్రేళ్ళకు చికిత్స చేయగల దగ్గరి ఆసుపత్రి ఏది, ఎన్ని కిలోమీటర్లు అను సంగతి ఆరోగ్య కేంద్రపు వైద్యుని అడిగి పంచాయతీ గోడపై వ్రాయింపవలెను. 108 బండి రాలేని చోట వెంటనే కదలగల వాహనముల యజమానుల నంబర్లు కూడ అందే ఉండవలెను. ప్రతి వీధిలో ఒక స్త్రీ, ఒక పురుషుడు ప్రథమ చికిత్స నేర్చుకొనవలెను. ఆశా కార్యకర్తను, ఆరోగ్య కేంద్రమువారిని అడిగినచో నేర్పెదరు. యంత్రమున్న ప్రతి చోట శుభ్రమైన గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు గల ఒక డబ్బా ఉంచవలెను. మంచుగడ్డ ఏ కిరాణా కొట్టులో, ఏ ఇంటి ఫ్రిజ్‌లో దొరకునో తెలిసియుండవలెను.

వీటిలో వేల రూపాయల ఖర్చు గలది ఒక్కటియు లేదు. ఆసుపత్రిని ఊరి దగ్గరకు తెచ్చుట ప్రభుత్వము చేయవలసిన పని. దానికై అడుగుట మీ హక్కు. అది జరుగువరకు ఎనిమిది గంటలను మూడు గంటలకు తగ్గించుట ఊరి చేతిలో కలదు.

నేనును ఒక నియమము పెట్టుకొంటిని. యంత్రము దరఖాస్తుపై సంతకము చేయుటకు ముందు, ఆ యంత్రము వద్ద నిలుచువారిని, అనగా రైతును మాత్రమే కాక అతని భార్యను, కూలిని కూడ, పిలిపించి, చేయి ఎంతవరకు పోనీయవచ్చునో గీత గీసి చూపుచున్నాను. ఆ గీత నాలుగేండ్ల క్రిందట గీయవలసినది.

చర్చకు ప్రశ్నలు

1. మన ఊరిలో గత మూడేండ్లలో పనిలో గాయపడినవారెందరు? ఏ నెలలో, ఏ వేళ, ఏ యంత్రము వలన? వారిలో భూమి గలవారెందరు, కూలీలెందరు, స్త్రీలెందరు?

2. వారు ఆసుపత్రికి చేరుటకు ఎన్ని గంటలు పట్టినది? మూడు ఆలస్యములలో ఏది ఎక్కువ?

3. ఈ ఏడు మన కళ్ళములలోనికి రానున్న యంత్రములలో మూత తీసివేసినవి ఏవి? యజమానితో ఎవరు మాట్లాడవలెను?

4. నేటి రాత్రి పది గంటలకు మన ఊరిలో ఒకరి చేయి తెగినచో, మొదటి పది నిమిషములలో ఎవరు ఏమి చేయవలెను? పేర్లతో చెప్పుడు.

నాలుగవ ప్రశ్నకు సమాధానము దొరకువరకు చర్చను ముగింపవలదు.